తాతయ్య రేజరు, అమ్మమ్మ సున్నిపిండి: మీ ప్రశ్నలకి జవాబులు

పోయినసారి కుంకుడురసంతో తలంటు గురించి రాశాను కదా, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకి ఈమధ్య ఎప్పుడూ రాలేదు. సగం మంది కుంకుళ్ళ సంగతి వదిలేసి ఇళ్ళల్లో చేత్తో చేసుకునే ఇంకేవేవో రాశారు, ఒకాయన తాత రేజరు, ఒకావిడ సున్నిపిండి, ఇంకో అమ్మాయి సబ్బు, అన్నీ చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. ఆరు ప్రశ్నలు తీసుకున్నాను. కొన్నిటికి జవాబు బాగా పొడుగైంది, ఎందుకంటే పైపైన చెప్పి వదిలేస్తే చెయ్యి కాలేవీ చర్మం పాడయ్యేవీ ఇందులో ఉన్నాయి.

ప్రశ్న: అక్కా, నాకు 28 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఐటీ జాబ్. సంక్రాంతికి భీమవరం దగ్గర మా ఊరు వెళ్తే అటక మీద ట్రంకుపెట్టెలో మా తాతయ్య షేవింగ్ సెట్టు దొరికింది, ఇత్తడి రేజరు, సగం వెంట్రుకలు ఊడిపోయిన బ్రష్షు, చిన్న గిన్నె, పటిక ముక్క. అప్పట్నుంచి ఆదివారాలు దాంతోనే గీసుకుంటున్నా. రెండుసార్లు గడ్డం కింద తెగింది. అయిదు నిమిషాల పనికి అరగంట బాత్రూంలో ఏం చేస్తున్నావ్ అంటుంది మా ఆవిడ. కానీ వారం మొత్తం మీద నాకు బాగుండేది ఆ అరగంటే. ఇది పిచ్చా? సరిగ్గా ఎలా చెయ్యాలి?

జవాబు: పిచ్చేం కాదు తమ్ముడూ. మా నాన్న కూడా ఇలాంటి రేజరుతోనే గీసుకునేవారు, కిటికీ ఊచకి చిన్న అద్దం తగిలించుకుని, పొద్దున వెలుతురు మొహం మీద పడేలా నిలబడి, ఆయన గీసుకుంటున్నంతసేపూ ఇంట్లో ఎవరూ పలకరించేవాళ్ళం కాదు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. మీరూ ఈసారి చెవి పెట్టి వినండి, ఎందుకంటే ఈ పనిలో గురువు ఆ చప్పుడే. బ్లేడు సరైన వాలులో ఉంటే సన్నగా, గరగరమని, ఎండుగడ్డి కోస్తున్నట్టు వినిపిస్తుంది. చప్పుడు ఆగిపోయిందంటే బ్లేడు వెంట్రుకని తాకట్లేదని, చర్మం మీద ఊరికే జారుతోందని అర్థం. అలాంటప్పుడు అందరూ చేసే తప్పు ఏంటంటే గట్టిగా నొక్కడం, మీకు గడ్డం కింద తెగింది కూడా దానివల్లే అని నా అనుమానం. కొత్త ప్లాస్టిక్ రేజర్లకి తల అటూ ఇటూ వంగుతుంది కాబట్టి నొక్కినా పర్లేదు, దీనికి వంగదు, వాలు మీ మణికట్టే పట్టుకోవాలి. చర్మానికి సుమారు 30 డిగ్రీలు. పిడి చివర రెండు వేళ్ళతో తేలిగ్గా పట్టుకుంటే ఇత్తడి బరువే దాన్ని కిందకి లాక్కుపోతుంది.

ముందు రేజరు శుభ్రం చేసుకోండి. మూడు ముక్కలుగా ఊడొస్తుంది, గోరువెచ్చని నీళ్ళల్లో అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి చాలు. పీచుతో గీకితే పైన ఉన్న నికెల్ పూత పోతుంది, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో రాత్రంతా వదిలేసినా పోతుంది. బ్లేడు బిగించాక రెండు పక్కలా సమానంగా బయటికి కనపడుతోందా లేదా చూసుకోండి, ఒకవైపు ఎక్కువుంటే ఆ వైపు కోసేస్తుంది. బ్లేడుకి మాత్రం వెతుక్కునే పనే లేదు, ఇవాళ కిరాణా కొట్టులో దొరికే రెండువైపులా పదునున్న బ్లేడు మీ తాతయ్య రేజర్లో చక్కగా కూర్చుంటుంది, నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది, ఇన్నేళ్ళలో ఎన్ని వస్తువుల కొలతలు మారిపోలేదు చెప్పండి.

ఆ బ్రష్షు మాత్రం దాచుకోండి గానీ వాడొద్దు, కొత్తది కొనండి, సింథటిక్‌ది చవగ్గా వస్తుంది, త్వరగా ఆరుతుంది. స్నానం చేశాక గీసుకోండి, లేదా వేణ్ణీళ్ళల్లో ముంచి పిండిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు గడ్డానికి అదిమి పెట్టండి, తడి పీల్చుకుని వెంట్రుక మెత్తబడుతుంది, అసలు షేవింగ్‌లో సగం పని అక్కడే అయిపోతుంది. నురగ పెరుగులా ఉండాలి, బుడగలు బుడగలుగా ఉంటే ఇంకాస్త తిప్పాలి. మొదటిసారి వెంట్రుక పెరిగే దిక్కులోనే గీయండి. ఆ దిక్కు మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది, మెడ దగ్గర చాలామందికి సుడి తిరిగి ఉంటుంది, రెండ్రోజుల గడ్డం మీద వేళ్ళతో నిమిరి చూస్తే తెలుస్తుంది. రెండోసారి మళ్ళీ నురగ పట్టించి అడ్డంగా గీయండి. ఎదురు గీయడం ఓ రెండు నెలలు మర్చిపోండి. ఆఖర్న చన్నీళ్ళతో కడుక్కుని పటిక ముక్క తడిపి రుద్దండి, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కారన్నమాట, ఆ చిన్న చిన్న గాట్లకి రక్తం కూడా అదే ఆపుతుంది. అర నిమిషం ఉంచి కడిగేసుకోండి.

ఈ రేజరు కథ కూడా చెప్తాను. అంతకుముందు గడ్డం అంటే మడతకత్తే, దాన్ని తోలుపట్టీ మీద రోజూ పదును పెట్టాలి, అందుకే చాలామంది మంగలి దగ్గరికే వెళ్ళేవాళ్ళు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన పల్చటి ఉక్కు రేకుని బ్లేడుగా చేసి, పదును పోతే పారేసేలా ఒక రేజరు తయారుచేయించాడు. అమ్మకం మొదలైన 1903లో అమ్ముడుపోయింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు, అంతే. 1904లో పేటెంట్ వచ్చింది, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకి ఇవే ఇవ్వడంతో ఇంటింటికీ చేరాయి. మీలాగా మళ్ళీ దీని దగ్గరికి వస్తున్నవాళ్ళకి ఇంకో లాభం ఉంది, గడ్డం వంకీలు తిరిగి ఉండేవాళ్ళకి నాలుగైదు బ్లేడ్లున్న కార్ట్రిడ్జ్ వెంట్రుకని లాగి చర్మం లోపలికల్లా కత్తిరిస్తుంది, అది మళ్ళీ పెరిగేటప్పుడు చర్మంలోకే గుచ్చుకుని పొక్కులొస్తాయి, ఒకటే బ్లేడు అయితే ఆ బాధ చాలామందికి తగ్గుతుంది.

మీ ఆవిడకి ఏం చెప్పాలంటారా, బాత్రూం వదిలేసి కిటికీ దగ్గరికి మారండి, అద్దం అక్కడ తగిలించుకోండి, వెలుతురూ బాగుంటుంది, ఆవిడకి బాత్రూమూ ఖాళీగా ఉంటుంది. వాడిన బ్లేడ్లు మాత్రం చెత్తబుట్టలో వేయకండి, చెత్త తీసుకెళ్ళేవాళ్ళ చేతులు తెగుతాయి. మూతున్న రేకు డబ్బాకి పైన సన్నగా ఒక గాటు పెట్టి అందులో వేస్తూ ఉండండి, నిండాక మూత ఊడకుండా టేపు చుట్టి, లోపల బ్లేడ్లున్నాయని పైన రాసి విడిగా చేతికివ్వండి.

ప్రశ్న: మేడం, మాది అమలాపురం. మా అమ్మమ్మ చేసే సున్నిపిండి వాసన ఇప్పటికీ గుర్తుంది, కొలతలు రాసుకోకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. యూట్యూబ్‌లో చూసి ఇరవై రకాలు వేసి పట్టించాను, బావంచాలు కూడా వేశాను. రెండు వారాలు వాడాక మెడ మీద, చేతుల మీద నల్లగా మచ్చలు వచ్చాయి. పాతకాలం వస్తువు పడకపోవడం ఏంటి? అమ్మమ్మ పిండి మళ్ళీ చేసుకోగలనా?

జవాబు: అమ్మా, ముందు ఆ పిండి వాడటం ఇవాళే ఆపెయ్యండి, మచ్చలు చర్మం డాక్టరుకి చూపించండి, ఎండలోకి వెళ్తే చేతులు కప్పుకోండి. నా అనుమానం బావంచాల మీదే. వాటిల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మానికి అంటి ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టయి ఎర్రబడుతుంది, నల్లబడుతుంది, ఒక్కోసారి బొబ్బలు కూడా వస్తాయి. బొల్లి మచ్చలకి వైద్యంలో వాడేది ఈ గుణం కోసమే, అది కూడా డాక్టరు లెక్కకట్టి ఇచ్చినంత మందు, లెక్కకట్టినంత వెలుతురు. మనం పిండిలో గుప్పెడు వేసుకుని ఒళ్ళంతా రుద్దుకుని మిట్టమధ్యాహ్నం స్కూటీ ఎక్కితే ఏమవుతుందో చూడండి. నిమ్మకాయ రుద్దుకుని ఎండలోకి వెళ్ళినా ఇలాంటిదే జరుగుతుంది, అందుకే సున్నిపిండిలో నిమ్మరసం కలిపి మొహానికి పట్టించమనే వీడియోలు చూస్తే నాకు కోపం వస్తుంది. పాతకాలంది కాబట్టి ఏదైనా మంచిదే అనుకోకండి. మా అమ్మమ్మ కూడా అన్నీ వేసేది కాదు, ఎవరి ఒంటికి ఏది పడదో ఆవిడకి తెలుసు, మా పిన్నికి కచ్చూరాలు పడవని ఆవిడ పిండి వేరే డబ్బాలో ఉండేది.

ఇంక మా ఇంటి కొలత చెప్తాను, మీ అమ్మమ్మదే అని చెప్పలేను గానీ గోదావరి జిల్లాల ఇళ్ళల్లో సుమారుగా ఇలాగే ఉండేది. పెసలు కిలో, పచ్చిశనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు, కచ్చూరాలు 50, వట్టివేళ్ళు 50, తుంగముస్తలు 25, కస్తూరి పసుపు 25, ఎండు గులాబీ రేకులు రెండు గుప్పిళ్ళు. అంతే, ఇంకేం వద్దు. వంట పసుపు వేస్తే ఒళ్ళూ తువ్వాళ్ళూ పచ్చబడిపోతాయి, కస్తూరి పసుపు అంత పట్టదు, వాసన కూడా దానిదే. మీకు గుర్తున్న వాసనలో ఎక్కువ భాగం కచ్చూరాలూ వట్టివేళ్ళదే అయ్యుంటుంది, ఆ రెండూ విడివిడిగా నలిపి వాసన చూడండి, ఏది అమ్మమ్మ గుర్తుకొచ్చేలా ఉందో అది ఇంకో పాతిక గ్రాములు పెంచుకోండి. అలా మూడు నాలుగు సార్లు పట్టిస్తే మీకే దొరుకుతుంది, నాకు మా అమ్మమ్మది అలాగే దొరికింది, రెండేళ్ళు పట్టింది.

అన్నీ రెండు రోజులు గట్టి ఎండలో పెట్టండి, వట్టివేళ్ళు చిన్న ముక్కలుగా కత్తిరించి పెట్టండి లేకపోతే మరలో చుట్టుకుపోతాయి. మరవాళ్ళు సున్నిపిండి పట్టమంటే ఒప్పుకోరు, తర్వాత పట్టే గోధుమపిండికి వాసన అంటుతుందని, అది నిజమే. సాయంత్రం కట్టేసే టైముకి వెళ్ళి ఆఖర్న పట్టమనండి, తర్వాత మర కడగడానికి ఒక కిలో నూకలు మీరే ఇవ్వండి, అప్పుడు కాదనరు. తెచ్చాక వేడి చల్లారనిచ్చి పల్చటి నూలుగుడ్డలో జల్లించండి, వస్త్రగాళితం అంటారు చూడండి, అదే. జల్లెడ చాలదు, వట్టివేళ్ళ పీచు చర్మాన్ని గీరుతుంది. మెత్తటిది మొహానికి, గుడ్డ మీద మిగిలింది కాళ్ళకి. సీసాలో తడి చెయ్యి పెట్టకుండా దాచుకుంటే రెండు మూడు నెలలు ఉంటుంది, వానాకాలంలో పురుగు పడుతుంది కాబట్టి అప్పుడు కొంచెం కొంచెం పట్టించుకోండి.

రుద్దుకునే పద్ధతి కూడా పిండి అంత ముఖ్యం. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి ఒంటికి పట్టించి ఓ పావుగంట ఆగాక, పిండిని నీళ్ళతో కాకుండా పొడిగానే చల్లుకుని నలుగు పెట్టాలి. పిండి నూనెని పీల్చుకుని మట్టిని కూడా తనతో లాక్కుని చిన్న చిన్న ఉండలుగా రాలిపోతుంది, అరచేతి కింద ఆ ఉండలు రాలుతుంటే తెలుస్తుంది చూడండి, మా అమ్మమ్మ వీపు రుద్దుతూ "ఇదిగో రాలింది, ఇదిగో రాలింది" అంటూ ఉండేది, నరకచతుర్దశి నాడు తెల్లారకముందే చలిలో పీట మీద కూర్చోబెట్టి. ముఖ్యంగా ఒకటి, బాత్రూం నేల నూనెతో జారుతుంది, పెద్దవాళ్ళుంటే కింద గోనెపట్టా వేయండి. పసిపిల్లలకి నలుగు పెట్టి గట్టిగా రుద్దకండి, వాళ్ళ చర్మం మన చర్మం కాదు.

ప్రశ్న: అక్కా, వైజాగ్‌లో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. ఇంట్లో సబ్బు చేయాలని చాలా ఇష్టంగా ఉంది. రీల్స్‌లో కొంతమంది కాస్టిక్ సోడా లేకుండా నేచురల్ సబ్బు అని చూపిస్తున్నారు. అమ్మ కాస్టిక్ సోడా పేరెత్తితేనే భయపడుతోంది. ఏది నిజం?

జవాబు: మీ అమ్మగారు భయపడటంలో తప్పేం లేదు, ఆ భయం నీక్కూడా కొంచెం ఉండాలి. కాస్టిక్ సోడా లేకుండా గట్టి సబ్బు రాదు తల్లీ. నూనె, కాస్టిక్ సోడా కలిస్తేనే సబ్బూ గ్లిజరినూ అవుతాయి, ఆ రీల్స్‌లో వాళ్ళు కరిగించి పోసేది సోప్ బేస్, అది ముందే ఫ్యాక్టరీలో ఇదే పద్ధతిలో తయారై వచ్చింది. దాంతో మొదలుపెట్టడం మంచిదే, రంగులూ అచ్చులూ నేర్చుకోవచ్చు, కాకపోతే లేకుండా చేశామని చెప్పడం అబద్ధం.

నువ్వు అసలైనది చేయాలనుకుంటే లెక్క ఇదిగో. కొబ్బరినూనె పూర్తిగా సబ్బు అవ్వాలంటే గ్రాముకి 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. కానీ ఒక్క కొబ్బరినూనెతోనే చేస్తే ఆ సబ్బు చర్మాన్ని బాగా పొడిబారుస్తుంది, అందుకని 20 శాతం నూనె సబ్బవ్వకుండా మిగిలేలా సోడా తగ్గిస్తారు. 500 గ్రాముల నూనెకి పూర్తి లెక్క 91.5 గ్రాములు, అందులో 20 శాతం తీసేస్తే 73 గ్రాములు. నీళ్ళు 180 గ్రాములు. అన్నీ కాటా మీద గ్రాముల్లో తూచాలి, గ్లాసులూ చెంచాలూ కుదరవు, వేరే నూనె అయితే ఈ అంకె కూడా మారిపోతుంది.

ఇప్పుడు నా అనుభవం చెప్తాను. మొదటిసారి చేసినప్పుడు ఇంట్లో పాత అల్యూమినియం గిన్నె ఉందని అందులో కలిపాను. క్షణంలో బుసబుసమని పొంగి, గిన్నె నల్లబడిపోయి, ఘాటు ఆవిరి మొహానికి కొట్టింది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, అది అంటుకునే గ్యాసు, పక్కన పొయ్యి వెలుగుతోంది. ఏమీ కాలేదు గానీ ఆ రోజు చేతులు వణికాయి. కాబట్టి స్టీలు గిన్నె లేదా వేడికి తట్టుకునే మందపాటి ప్లాస్టిక్ డబ్బానే వాడు, దాన్ని మళ్ళీ వంటకి తేకు. కళ్ళజోడు, రబ్బరు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, తలుపులు తీసిన గది, పిల్లలూ పిల్లులూ దగ్గర్లో ఉండకూడదు. చన్నీళ్ళల్లోకి సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలి, సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పొయ్యకు, ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. చర్మం మీద పడితే ధారగా నీళ్ళకింద పావుగంటకి తక్కువ కాకుండా పెట్టాలి, వెనిగర్ పొయ్యమని ఎవరు చెప్పినా వినకు. కంట్లో పడితే అలాగే కడుగుతూనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

సోడానీళ్ళు చల్లారి గోరువెచ్చగా అయ్యాక నూనెలో పోసి కలుపుతూ ఉంటే, కొంతసేపటికి గరిట ఎత్తి పోస్తే పైన గీత నిలబడుతుంది, పలచటి మజ్జిగపులుసు అనుకున్నది కాస్తా దోసెపిండి అవుతుంది. అప్పుడు అచ్చులో పొయ్యి. కొబ్బరినూనె సబ్బు తొందరగా గట్టిపడిపోతుంది, అదే రోజు ముక్కలు కోసేసుకో, మర్నాటిదాకా ఆగితే కత్తి పెట్టగానే పెళుసుగా విరిగిపోతుంది. తర్వాత గాలి తగిలే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. ఈ నెలరోజులూ ఆగడమే కష్టం అంటారు అందరూ, నాకైతే రోజూ ఒకసారి వెళ్ళి ముక్కలు తిప్పిపెట్టి, కొంచెం గట్టిపడ్డాయా అని వేలితో నొక్కి చూడటం చాలా ఇష్టం. పరీక్షలు అయిపోయాక చెయ్యి, మీ అమ్మగారిని పక్కనే ఉంచుకుని చెయ్యి.

ప్రశ్న: నమస్కారం అండీ. మాది ఒంగోలు. మా బాబుకి మూడో నెల. అత్తయ్యగారు ఆముదం దీపంతో కాటుక పట్టి కళ్ళకి పెడతానంటున్నారు, పిల్లల డాక్టరు పెట్టొద్దన్నారు. అత్తయ్యగారు నొచ్చుకుంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, డాక్టరుగారి మాటే వినండి. బజార్లో దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది, పసిపిల్లల మెదడుకి అది విషం. ఇంట్లో ఆముదంతో చేసిందాంట్లో సీసం బాధ లేకపోవచ్చు, అయినా అది మసే కదా, వేలితో కంట్లో పెడితే ఆ వేలి క్రిములు వెళ్తాయి, కన్నీటి దారి మూసుకుపోయి కంట్లో పుసి కడుతుంది.

కానీ అత్తయ్యగారిని కాటుక పట్టొద్దనకండి. ఆవిడ చెయ్యాలనుకునేది మనవడి కోసం, ఆ పనిని ఆవిడ చేతుల్లోంచి లాక్కోకూడదు. పట్టనివ్వండి, మీరు పక్కన కూర్చుని నేర్చుకోండి కూడా. నూలుగుడ్డ వత్తిని ఆముదంలో తడిపి వెలిగించి, రెండు పక్కలా గ్లాసులు పెట్టి పైన రాగిపళ్ళెం బోర్లిస్తారు, మంట చివర పళ్ళానికి తగిలీ తగలకుండా ఉండాలి. గంట తర్వాత తీసి చూస్తే వెల్వెట్ గుడ్డలా నల్లటి మసి పట్టి ఉంటుంది, ముట్టుకుంటే బరువే తెలీదు, ఊదితే ఎగిరిపోతుంది. కొంగుతో ముక్కు కప్పుకుని దాన్ని గీకి, రెండు చుక్కల ఆముదమో నెయ్యో వేసి నూరితే కాటుక. దాంతో బాబు అరికాల్లో దిష్టిచుక్క పెట్టించండి, చేతులు నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి బుగ్గ మీద కన్నా అరికాలే మేలు. కంటికి మాత్రం వద్దని మీరు కాకుండా మీ వారి చేత చెప్పించండి, వీలైతే డాక్టరు దగ్గరికి అత్తయ్యగారినే తీసుకెళ్ళండి, ఆయన నోటినుంచి వింటే కోడలు కాదందన్న బాధ ఉండదు.

ప్రశ్న: ఆషాఢంలో గోరింటాకు రోట్లో రుబ్బి పెట్టుకుంటే నాకు నారింజ రంగే వస్తుంది, మా తోడికోడలికి ఎర్రగా పండుతుంది. ఏం కలపాలి? (గుడివాడ నుంచి)

జవాబు: ముందు పొద్దున్నే నీళ్ళతో కడిగేసుకుంటున్నారేమో చూడండి. ఆకులో ఉండే లాసోన్ అనే రంగు గోళ్ళకీ చర్మానికీ పట్టాక, గాలి తగులుతూ ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది, తీసిన వెంటనే నారింజగా ఉండటమే మామూలు. ఎండినదాన్ని గీకి తీసెయ్యండి, ఆ రోజుకి తడి తగలనివ్వకండి. రుబ్బేటప్పుడు కాస్త చింతపండు వెయ్యండి, ఆ పులుపుకి రంగు బాగా దిగుతుంది. లేత చిగుళ్ళు కాకుండా ఎండ తగిలి ముదిరిన ఆకు కోయండి. గంటలో నల్లగా పండుతుందనే కోన్లు కొనకండి, వాటిల్లో జుట్టు రంగుల్లో వేసే పీపీడీ కలుపుతారు, కొందరికి బొబ్బలెక్కి మచ్చలు మిగిలిపోతాయి. పసిపిల్లలకి అసలు గోరింటాకే పెట్టకండి, జీ సిక్స్ పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్న పిల్లలకి దానివల్ల రక్తకణాలు విరిగిపోతాయి, ఆ లోపం ఉన్నట్టు పైకి తెలీదు.

ప్రశ్న: మేడం గారూ, నేను హనుమకొండల రిటైర్డ్ టీచర్ని. మా నాయిన వాడిన నల్ల ఎబొనైట్ ఇంకు పెన్ను, ఇంకా అసోంటియి ఆరేడు నా దగ్గర ఉన్నయి. యూట్యూబ్ చూసి విప్పి కడిగి మళ్ళ రాసేటట్టు చేస్తున్న. రెండు రాస్తున్నయి, ఒకటి లీకైతది, నాయినది గోధుమరంగు తిరిగింది. నా కొడుకు "గివన్నీ ఎందుకు నాయినా, పది రూపాయలకు పెన్ను వస్తది" అంటడు. మీరేమంటరు?

జవాబు: సార్, నమస్కారం. మీ ఉత్తరం చేతిరాతతో వచ్చింది, ఆ రెండు పెన్నుల్లో ఒకదాంతోనే రాశారని రాత చూస్తేనే తెలుస్తోంది, కింద గీతలు లావుగా పైగీతలు సన్నగా. ఏమంటానంటే, ఆపొద్దంటాను.

ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం ఎక్కువ వేసి గట్టిపరిచింది. ఎండకీ తడికీ పైపొర మారి గోధుమరంగుకి తిరుగుతుంది, అది పెన్ను పాడైపోవడం కాదు. బాగా మెత్తటి పాలిష్ పేపరుతో తడిపి రుద్దితే లోపలి నలుపు వస్తుంది, కానీ పెన్ను మీద చెక్కిన పేరో గుర్తో ఉంటే దాంతోపాటు అదీ పోతుంది. మీ నాన్నగారి పెన్ను కాబట్టి నేనైతే ముట్టుకోను, ఆ రంగు ఆయన చేతిలో వచ్చిందే. వేణ్ణీళ్ళు మాత్రం ఎప్పుడూ వాడకండి, రంగు ఇంకా పోతుంది. మామూలు నీళ్ళల్లో ఒక చుక్క లిక్విడ్ సోప్ వేసి పాళీ భాగాన్ని రాత్రంతా నానబెట్టండి, పాత ఇంకు గడ్డలు కరిగి నీళ్ళు నీలంగా అవుతాయి, పారబోసి మళ్ళీ పెట్టండి, నీళ్ళు తెల్లగా ఉండేదాకా.

లీకయ్యే పెన్ను గొట్టంలో నేరుగా ఇంకు పోసే రకం అనుకుంటాను. దాంట్లో ఇంకు సగానికి తగ్గాక లోపల గాలి ఎక్కువుంటుంది, చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకుని బయటికి తోస్తుంది, అందుకని ఎప్పుడూ నిండుగా పోసుకోండి. మరలకి సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి, వాజెలిన్ వద్దు. ఇంకు బ్రిల్, క్యామెల్ లాంటి ఫౌంటెన్ పెన్ను ఇంకే వాడండి, డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంకు పోస్తే లోపల గడ్డకట్టి ఇంక ఊడిరాదు. పాళీ విరిగితే రాజమండ్రిలోనూ, హైదరాబాద్ ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్‌లోనూ అడగండి.

రాజమండ్రి అన్నాను కాబట్టి మీ అబ్బాయికి ఇది చెప్పండి. అక్కడ కె.వి. రత్నంగారు 1932లో స్వదేశీ పెన్నులు చెయ్యడం మొదలుపెట్టారు, ఆయన చేసిన పెన్ను వాడి చూసి బాగుందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, చేత్తో నునుపు తేల్చి చేసేవి అవి. మీ నాన్నగారి పెన్ను మూత తీసి లోపలి అంచు మీద భూతద్దం పెట్టి చూడండి, లేతు మీద ఉలి ఆనిన సన్నటి గీతలు చుట్టూరా కనపడతాయేమో. కనపడితే మీ అబ్బాయికి చూపించి, ఒకసారి ఆ పెన్నులో ఇంకు ఆయన్నే పొయ్యమనండి.